ఎనిమిది కెమెరాల పెళ్ళి

నాకు రెండు పెళ్ళిళ్ళయ్యాయి. మొదటిది యాభై రెండేళ్ళ కిందట ఒక్క కెమెరా కూడా లేకుండా జరిగిపోయింది. రెండోది పోయిన చలికాలంలో, మేడమీద, పెద్ద కిటికీ పక్కన, ఎనిమిది కెమెరాల ఎదుట జరిగింది. ఈ వీధిలో, ఆ మాటకొస్తే ఈ ఊళ్ళోనే, అన్ని కెమెరాలు తనవైపు తిప్పుకున్న పెళ్ళికొడుకు నేను తప్ప ఇంకొకడు లేడు. కావాలంటే ఫొటోలు చూపిస్తాను. మొదటి పెళ్ళికూతురు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఈ నాలుగు ముక్కలూ నా భుజంమీంచి చదివి, "రాయండి రాయండి, మధ్యలోకి వచ్చేసరికి మీరే చెరుపుకుంటారు" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

సరే. ఆ రెండో పెళ్ళి రోజు చెప్పాలంటే మా ఎదురింటాయన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఆ రోజు నిజానికి అతనిది.

ఆ ఉదయం పది కాకముందే అతను ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో పద్నాలుగో ఛాతీ తీస్తున్నాడు.

"గడ్డం పైకి. ఇక్కడ ఆనించండి. చేతులు నడుంమీద. అలా కాదమ్మా, అరచేతులు వెనక్కి తిప్పి. మోచేతులు ముందుకి. ఆఁ, అంతే. గాలి పీల్చండి. బిగబట్టండి."

రబ్బరు చెప్పులతో చప్పుడు లేకుండా నడిచి సీసపు అద్దం వెనక్కి వెళ్ళాడు. మీట నొక్కాడు. యంత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒక్కసారి గురగురమంది.

"వదలండి."

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతని ఉద్యోగం ఈ మూడు మాటలే. పీల్చండి, బిగబట్టండి, వదలండి. ఆస్పత్రిలో ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అతణ్ణి బిగబట్టు అనే పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్ని పిలుస్తున్నారోనని అతనే వెనక్కి తిరిగి చూస్తాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొడుగ్గా, సన్నగా, తన ఫిల్ము తనే తొడుక్కుని తిరుగుతున్నట్టుంటాడు. వెనకటి రోజుల్లో బరువైన ఫిల్ము పలకలు చంకన పెట్టుకుని మోసీ మోసీ ఎడమ భుజం రెండంగుళాలు కిందికి దిగింది. చీకటి గదిలో మందు నీళ్ళల్లో ముంచిన గోళ్ళకి గోధుమరంగు పట్టింది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, మందు నీళ్ళు పోయాయి, గోళ్ళ రంగు మాత్రం పోలేదు.

ఆ గదికి కిటికీ లేదు. బయట ఎండో వానో లోపల తెలియదు. ఎప్పుడూ మసక మసకగా, తెల్లవారడానికి ఇంకా కాస్త టైముందన్నట్టుంటుంది. తెరమీద ఒక్కొక్క ఛాతీ నీళ్ళ అడుగునుంచి పైకి తేలి వచ్చినట్టు వస్తుంది. ముందు తెల్లటి వెన్ను, తర్వాత నిచ్చెన మెట్లలాంటి పక్కటెముకలు, వాటి వెనక గూడు కట్టుకున్న పిట్టలా గుండె. రోజూ చూసేదే అయినా, అది తేలి వచ్చే ఆ రెండు క్షణాలూ అతను ఊపిరి తీయడు. తీయడం లేదని అతనికి తెలియదు. నాకెలా తెలుసంటే, నా ఛాతీ తీసినప్పుడు అద్దంలోంచి చూశాను. నా ఫిల్ములో గుండె పక్కనే ఒక టికెట్ల కట్టా, ఒక ఈలా కనిపించాయని నేను నలుగురికీ చెబుతుంటాను. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరు చేసినవాడి ఛాతీలో ఇంకేముంటాయి? అతను కాదనడు. నవ్వి ఊరుకుంటాడు.

అతనితో వచ్చిన చిక్కేమిటంటే మొహాలు గుర్తుండవు. రొట్టెల దుకాణంలో ఎవరో ఆవిడ "బావున్నారా" అని పలకరిస్తే తెల్లమొహం వేస్తాడు. ఆవిడ ఒక్కసారి దగ్గితే చాలు, 'ఎడమ పక్క అయిదో పక్కటెముక, చిన్నప్పుడెప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది' అని గుర్తొచ్చి, "మీరా అండీ, నిచ్చెనమీంచి పడ్డారు కదా" అంటాడు. జనం అతణ్ణి చూసి దుప్పటి కప్పుకుంటారంటే నేనేమీ అతిశయోక్తి చెప్పడం లేదు. కొంచెం చెబుతున్నాను.

ఇంట్లో అతనూ, అక్కా. అంతే. అక్కకి అరవై తొమ్మిది. అమ్మ పోయిననాటికి ఆమెకి పదిహేనేళ్ళు, వీడికి నాలుగు. దర్జీ దుకాణానికి కాజాలు కుట్టి వీణ్ణి పెంచింది. చొక్కాకి ఆరు కాజాలు, రోజుకి ముప్ఫై చొక్కాలు. పెళ్ళెందుకు చేసుకోలేదమ్మా అని ఎవరైనా అడిగితే, "కాజాలన్నీ అయ్యాక చేసుకుందామనుకున్నాను, చొక్కాలు ఆగలేదు" అనేది. చిన్న మనిషి. జుట్టంతా తెలుపు, కనుబొమలు మాత్రం ఇంకా నల్లగా, బొగ్గుతో గీసినట్టు. కుడిచేతి చూపుడువేలి చివర సూది పోట్లకి తోలు మందంగా తయారై, వేడి గిన్నె పట్టుకున్నా తెలిసేది కాదు.

ఆ ఇంట్లో ఆమె మొహం ఉన్న ఫొటో లేదు. గుంపు ఫొటోల్లో ఉంది. ఒకదాంట్లో ఎవరిదో సంచీ పట్టుకున్న చెయ్యి, ఒకదాంట్లో ఎవరి భుజం వెనకో చెవి. గుర్తింపు కార్డుమీద బొమ్మ ఉంది గానీ అందులో ఆమె, దొంగతనం చేసి ఒప్పుకోనని మొండికేసినట్టుంటుంది. అలమరలో గోధుమరంగు కవర్లో మాత్రం ఆమె ఛాతీ ఫిల్ములు పదకొండున్నాయి. అన్నీ తమ్ముడు తీసినవే.

పదకొండోది అంతకు ముందు నెలలో తీశాడు. కుడి ఊపిరితిత్తి కింది సగం తెల్లగా, పొగమంచు దిగిన పొలంలా వచ్చింది. ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు అతనికి. పెద్ద డాక్టరు కూడా తెర చూసి, అతణ్ణి చూసి, అతని దిగిన భుజం తట్టి వెళ్ళిపోయాడు. నెలలా, వారాలా అని అతను అడగలేదు. అక్కకీ చెప్పలేదు. ఆ రాత్రి అలమరలో కవరు పెడుతూ, ఈమె వెళ్ళిపోతే నా దగ్గర మిగిలేది ఈ ఎముకలే, మొహాలు గుర్తుండని వాణ్ణి, నాలుగేళ్ళకి ఈ మొహం కూడా మర్చిపోతాను అనుకున్నాడట. ఆ మాట నాతో అన్నప్పుడు మా గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. మర్నాడే మా వీధి చివర బట్టల దుకాణం మేడమెట్లెక్కి, అక్కడ ఫొటోలు తీయడం నేర్పే మేడం దగ్గరికి వెళ్ళాడు.

"నాకు ఒక్క ఫొటో తీయడం నేర్పండి."

"ఒక్క ఫొటోకి కోర్సు లేదండీ. పెళ్ళిళ్ళ కోర్సుంది. పది రోజులు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు."

"అందులో పెద్దవాళ్ళ ఫొటోలు తీయడం కూడా ఉంటుందా?"

"పెళ్ళికొచ్చేవాళ్ళలో సగంమంది పెద్దవాళ్ళే."

"అయితే రాసుకోండి."

తొమ్మిది రోజులు నడిచింది. ఎనిమిదిమంది శిష్యుల్లో ఇతనే పెద్ద. మేడం పెళ్ళిళ్ళలో మోకాళ్ళమీద పాకి పాకి ఒక మోకాలికి పట్టీ వేసుకుని తిరుగుతుంది. గొంతు పెద్దది. "పెళ్ళిలో ఎవరూ మీకోసం ఆగరు. మీరే పరిగెత్తాలి" అని రోజుకి పదిసార్లు అరుస్తుంది. కింద బట్టల దుకాణంనుంచి తెచ్చిన రెండు నిలువెత్తు బొమ్మల్ని పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు చేసి వాటిమీద నేర్పేది. ఆ బొమ్మల్ని మనవాడు తీస్తే మాత్రం చూడాలి! వెలుగు చెంపమీదికి ఎక్కడ జారాలో అక్కడ జారేది. కళ్ళు తిప్పి పలకరిస్తాయేమో అనిపించేది. కానీ తోటి శిష్యుల్నో, మేడంనో తీయమంటే కెమెరా ఎత్తగానే నోటివెంట మాట వచ్చేసేది.

"గాలి పీల్చండి. బిగబట్టండి."

అందరూ బిగబట్టేవారు. ఆస్పత్రి అలవాటున్న గొంతు కదా, వినకుండా ఉండలేరు. ఫొటోల్లో అందరికీ బుగ్గలు ఉబ్బి, కళ్ళు నిలబడి ఉండేవి.

"మీ బొమ్మలు ఊపిరి తీస్తున్నాయి, మీ మనుషులు బొమ్మలైపోయారు. ఏం చెయ్యనండీ మిమ్మల్ని?" అని మేడం తల పట్టుకుంది.

ఇంటి దగ్గర ఇంకా అన్యాయం. కోర్సువాళ్ళిచ్చిన కెమెరా తీసుకొచ్చి అక్కవైపు ఎత్తితే చాలు, ఆవిడ కుట్టు పక్కన పెట్టి లేచి నిలబడి, గడ్డం ఎత్తి, అరచేతులు వెనక్కి తిప్పి నడుంమీద పెట్టి, మోచేతులు ముందుకి తెచ్చేది. గాలి పీల్చి బిగబట్టేది.

"అలా వద్దక్కా, మామూలుగా కూర్చో."

అతను నొక్కేదాకా జవాబు ఉండేది కాదు. నొక్కి, కెమెరా దించి, "వదులు" అన్నాక అనేది: "ఇదే నాకు మామూలు. నువ్వు నామీదికి ఏదైనా ఎత్తావంటే నేనిలాగే నిలబడతాను. నువ్వు నేర్పిందేగా?"

నిద్రపోతున్నప్పుడు తీయబోయాడు. కళ్ళు మూసుకునే గడ్డం ఎత్తింది. ఫోనుతో తీయవయ్యా అని నేను సలహా ఇచ్చాను. ఫోనుకీ గడ్డం ఎత్తింది. తొమ్మిది రోజుల్లో అతని దగ్గర తయారైనవి నూట నలభై ఛాతీ ఫొటోలు, చర్మంతో సహా.

ఇంకో సంగతి అప్పట్లో అతనొక్కడికే తెలుసు, నాకు తర్వాతెప్పుడో చెప్పాడు. ఆమె బిగబట్టినప్పుడల్లా అతను మనసులో లెక్కపెట్టేవాడు, అది అతని ఉద్యోగపు అలవాటు. రెండేళ్ళ కిందట ఇరవై దాకా ఆపగలిగేది. ఎండాకాలంలో పన్నెండు. ఈ తొమ్మిది రోజుల్లో పది నుంచి ఏడుకి దిగింది.

ఇదుగో, నేను మొదట చెప్పిన ఆ రోజు పదో రోజు. సాయంత్రం కెమెరా తిరిగి ఇచ్చెయ్యాలి.

రెండింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి అక్క తయారై కూర్చుంది. బూడిదరంగు శాలువా, మడత నలగని బట్టలు.

"నేనూ వస్తానురా. పది రోజులబట్టీ ఏం వెలగబెడుతున్నావో చూడాలి."

"మేడమీదక్కా. ఇరవై రెండు మెట్లు."

"కండక్టరు గారు ఎక్కిస్తారులే. ఏవండీ, ఖాళీయేనా?"

నేను ఎప్పుడూ ఖాళీయే. ఒక చేత్తో మడత స్టూలు, ఇంకో చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుని బయల్దేరాను. అతను ముందు నడుస్తూ ప్రతి రెండడుగులకీ వెనక్కి చూస్తున్నాడు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఎండ ఉందో లేదో తెలియకుండా, వీధంతా పాలు కలిపిన నీళ్ళల్లా ఉంది. సైకిళ్ళు చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోతున్నాయి. ఆవిడ నడుస్తూ, "అబ్బ, ఈ వీధి ఇంత పొడుగని తెలియనే లేదు" అంది.

మెట్ల దగ్గర నేను గొంతెత్తి "రైట్! రైట్!" అన్నాను.

ఎనిమిదో మెట్టుమీద ఆవిడ ఆగింది. "ఆపండి కండక్టరు గారూ, దిగాల్సినవాళ్ళున్నారు" అంది. స్టూలు వేశాను. కూర్చుంది. ఆమె ఊపిరి చప్పుడు చెక్కమీద ఆకురాయి నడిచినట్టుంది. అతను మూడు మెట్ల పైన నిలబడి గోడ చూస్తున్నాడు. పదిహేనో మెట్టుమీద ఇంకోసారి. "ఈ బస్సు ప్రతి స్తంభం దగ్గరా ఆగుతుందేం?" అని ఆవిడే అంది. నవ్వాలని నవ్వాం.

పైన మేడం చిందులు తొక్కుతోంది. పదో రోజు ఉత్తుత్తి పెళ్ళి పెట్టి అందరిచేతా మొదటినుంచి చివరిదాకా ఫొటోలు తీయించడం ఆవిడ పద్ధతి. తీరా చూస్తే కింది దుకాణంవాళ్ళు ఆ పొద్దున్నే వచ్చి, కొత్త బట్టలు తొడగాలని పెళ్ళికూతురు బొమ్మని పట్టుకుపోయారు.

"పెళ్ళిరోజు పెళ్ళికూతుర్ని ఎత్తుకుపోతారుటండీ! పెళ్ళికొడుకుని మాత్రం నా మొహాన కొట్టి పోయారు. వాడికి చూస్తే కుడిచెయ్యి లేదు, నిన్న దించేటప్పుడు విరిగింది" అంటూ ఇటు తిరిగి, స్టూలుమీద ఆయాసపడుతున్న శాలువాని చూసింది. చూసి మాట మార్చింది. "అమ్మా, మీరు కాసేపు పెళ్ళికూతురిగా కూర్చుంటారా? నిలబడక్కర్లేదు."

అతను ఏదో అనబోయాడు.

అక్క నల్లటి కనుబొమలు రెండూ ఎత్తి, నల్లకోటు తొడుక్కుని ఒంటిచేత్తో నిలబడ్డ బొమ్మని కింది నుంచి పై దాకా పరకాయించింది.

"అరవై తొమ్మిదేళ్ళకి ఒక సంబంధం కుదిరింది. వాడికీ ఓ చెయ్యి తక్కువే! సరే కానివ్వండి, మరీ ఏరుకుంటూ కూర్చుంటే ఎలా?"

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వులో మంచంతా విడిపోయింది. శిష్యుల్లో ఒక అమ్మాయి, రోజూ లెన్సు మూత తీయడం మర్చిపోయి తిట్లు తినే అమ్మాయి, ఆమె శాలువా తీసి పల్చటి తెల్లటి ముసుగు తలమీంచి వేసింది. ఇంకొకరు కాగితం పూలు చేతికిచ్చారు. కిటికీ పక్కన కుర్చీ వేశారు. ఆ కిటికీ నిలువెత్తున ఉంటుంది. దాని గుండా వచ్చే వెలుగుకి అంచులుండవు. ఆ వెలుగులో ఆమె ఎవరో తలచుకుంటున్న మనిషిలా ఉంది.

"ఉంగరం తొడిగే ఫొటో ముఖ్యం. చెయ్యి లేకపోతే ఎలా?" అంది మేడం. తర్వాత నావైపు తిరిగింది. "కండక్టరు గారూ, మీ చెయ్యి కాసేపు అద్దెకిస్తారా?"

ఇదుగో, ఇక్కడ చెరుపుకుంటున్నాను. నా రెండో పెళ్ళి ఇదే. నేను బొమ్మ వెనక ఎత్తుపీట వేసుకుని, కోటు కింద దూరి, నడుం వంచి, ఖాళీ చొక్కా చేతిలోంచి నా కుడిచెయ్యి బయటికి పెట్టాను. ఎనిమిది కెమెరాలు తీసిన పెళ్ళికొడుకులో నా వాటా మణికట్టు దగ్గర్నుంచి వేళ్ళ దాకా. మిగతా అందమంతా ఆ బొమ్మది. కానీ ఆ చెయ్యి ముప్ఫై ఏళ్ళు కుదుపుల్లో నిలబడి టికెట్లు చింపిన చెయ్యి. ఉంగరం పట్టుకుని ఒక్క పిసరు వణకలేదు. ఈ మాట మటుకు చెరపను.

కోటు చంక కింద కుట్టు విడిన చోటుంది. అందులోంచి నాకు కాస్త కనిపించేది.

"అమ్మా, చెయ్యి చాపండి. అందరూ సిద్ధమా? మొదలు!"

కెమెరాలు టపటపమన్నాయి. ఏడే. ఎనిమిదోది మోగలేదు. అతను కిటికీకి ఎడమ పక్కన మోకాలిమీద కూర్చుని కెమెరా ఎత్తాడు.

తమ్ముడు ఎత్తడం ఆమె చూసింది. అంతే. ఉంగరం కోసం చాపిన చెయ్యి వెనక్కి పోయింది. అరచేతులు తిరిగి నడుంమీద పడ్డాయి. మోచేతులు ముందుకొచ్చాయి. ముసుగులోంచి గడ్డం లేచింది. గాలి పీల్చి బిగబట్టింది. నా చెయ్యి ఉంగరం పట్టుకుని గాల్లో ఉండిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"అమ్మా, చెయ్యి ఇవ్వాలి" అంది మేడం.

ఆమె పలకలేదు. ఎలా పలుకుతుంది? బిగబట్టి ఉంది. కళ్ళు మాత్రం తమ్ముడివైపు తిప్పింది.

అతను వేలు బటన్‌మీద పెట్టాడు. రోజూ అయితే ఈపాటికి నొక్కేసేవాడు. ఇవాళ వేలు బరువెక్కింది. ఇది నూట నలభై ఒకటో ఛాతీ అవుతుందని తెలిసి నొక్కలేకపోయాడు. అలవాటున లోపల లెక్క మాత్రం మొదలైంది. ఒకటి. రెండు. మూడు.

నాలుగు దగ్గర అతనికి భయమేసింది. తను చెప్పేదాకా ఆమె వదలదు. ఆమె పెదవులు రంగు మారుతున్నాయి. కళ్ళు అతనిమీదే ఉన్నాయి. నాలుగేళ్ళప్పుడు వీడు చెయ్యి వదిలి రోడ్డు దాటితే ఎలా చూసేదో అలా.

ఆ చూపులో చూపు పెట్టి ఉండగా, అయిదు దగ్గర, అతనికి ఆస్పత్రి గది గుర్తొచ్చింది. సీసపు అద్దానికి అవతల "వదలండి" అనగానే ఏం జరుగుతుందో గుర్తొచ్చింది. భుజాలు దిగుతాయి. నోరు తెరుచుకుంటుంది. కొందరు ఎందుకో తెలియకుండా నవ్వుతారు. తలుపువైపు చూస్తారు, గండం గడిచినట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజుకి నలభైసార్లు ఆ మొహాల్ని అతను చూశాడు. చూసీ చూడనట్టు. అప్పటికి మీట నొక్కడం అయిపోయి ఉండేది, ఇక అక్కడ అతనికి పని ఉండేది కాదు.

ఆరు.

"వదులక్కా."

ఆమె వదిలింది. దగ్గొకటి, నవ్వొకటి ఒకేసారి తోసుకొచ్చాయి. నవ్వు ముందు బయటపడింది.

"ఏరా, నన్ను మర్చిపోయావేమో అనుకున్నాను!"

అప్పుడు నొక్కాడు. ఒక్కసారే.

తర్వాత దగ్గు వచ్చింది, చాలాసేపు. ముసుగు తీశారు, నీళ్ళు తెచ్చారు, అతను కెమెరా నేలమీద పెట్టి ఆమె వీపు రాస్తూ కూర్చున్నాడు. నేను కోటు కిందే ఉండిపోయాను. నన్ను బయటికి లాగాలని ఎవరికీ తోచలేదు. కెమెరా తీసి చూసింది మేడం. చూసి, గొంతు తగ్గించడం ఆవిడకి రాదనుకున్నాను గానీ, వచ్చు.

"ఎలా పట్టారండీ ఇది?"

"వదలమన్నానండి."

"ఎవర్ని?"

"మా అక్కనే."

అక్కడే చిన్న యంత్రంమీద అచ్చు తీసిచ్చింది. సాయంత్రం ఆరు కాకుండానే మెట్లు దిగాం. దిగడం తేలికే అయింది. "కిందికైతే ఎక్స్‌ప్రెస్సే" అంది ఆవిడ.

ఇంటికొచ్చాక ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. ముసుగు ఒక చెవిమీదికి జారి ఉంది. నోరు పూర్తిగా తెరుచుకుంది, పక్క పళ్ళు రెండు లేని సంగతి లోకమంతా చూడొచ్చు. కళ్ళు నవ్వులో సన్నబడి గీతలయ్యాయి. ఒక చెయ్యి నడుంమీంచి అప్పుడే లేచి తమ్ముడివైపు వస్తోంది, అందుకని కాస్త చెదిరింది. మూలగా ఒక చెయ్యి, ఉంగరంతో. అది నాది.

"ఎవర్రా ఈవిడ?"

"నువ్వే."

"నేనిలా ఉంటానా?"

"వదిలాక ఉంటావు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నాకూ ఇవాళే తెలిసిందక్కా. ఆ పళ్ళ దగ్గర కావాలంటే కాస్త నీడ వేయించుకొస్తాను, కనబడవు."

"ఏం అక్కర్లేదు. కండక్టరు గారి చెయ్యి కనబడగా లేనిది నా పళ్ళకేం రోగం?" అని ఇంకోసారి చూసి, ఫొటో ఒళ్ళో పెట్టుకుంది. వాడి మొహం చూడకుండా అంది: "పోయిన నెల ఫిల్ము బాగా రాలేదు కదూ?"

అతను గ్లాసులు తీయబోతున్నవాడు ఆగిపోయాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ప్రతిసారీ 'వదులు' అన్న మరుక్షణం వచ్చి నా శాలువా కప్పేవాడివి. ఆ రోజు అద్దం వెనక చాలాసేపు నిలబడ్డావు. నేను చలిలో లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. తొంభై దాకా పెట్టాను."

అతను రెండు గ్లాసులూ తీసుకుని వెళ్ళి కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. వెనక్కి వచ్చేసరికి ఆమె కాజా మొదలుపెట్టింది. అతను పక్కన నేలమీద కూర్చుని, ఆమె సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాడు. అదయ్యాక ఇంకో సూదికి. కిటికీ బయట వీధి మెల్లగా నీలంగా మారి, మంచులో దీపాలు ఒక్కొక్కటే, తెరమీద తేలి వచ్చినట్టు తేలి వచ్చాయి. వాళ్ళు ఆ ఫిల్ము సంగతి ఇక ఎత్తలేదు. నేను ఎదురుగా మా అరుగుమీదే ఉన్నాను, ఎత్తి ఉంటే వినపడేది.

ఆ తర్వాత పందొమ్మిదో రోజు పొద్దున అతను డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, రొట్టె తేవాలా అని లోపలికి అడిగాడు. జవాబు రాలేదు. రెండోసారి అడగలేదు. ఒక కాలికే చెప్పు వేసుకుని వీధి దాటి వచ్చి మా తలుపు కొట్టాడు.

"కండక్టరు గారూ, ఒక్కసారి వస్తారా?"

వెళ్ళాను. ఆమె పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. మొహంలో ఏ ఇబ్బందీ లేదు. అతను మంచం పట్టెమీద కూర్చుని, ఏళ్ళుగా ఏ మొహాన్నీ అంతసేపు చూడని మనిషి, ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఫిల్ముల కవరు అతను తర్వాత ఆస్పత్రిలో తిరిగి ఇచ్చేశాడు. ఫొటో గోడకుంది. ఇప్పుడు ఛాతీ తీయించుకోవడానికి వెళ్ళినవాళ్ళు చెబుతున్నారు, "వదలండి" అన్నాక అతను అద్దం వెనకనుంచి తల పక్కకి వంచి, వాళ్ళని ఒక్క క్షణం తేరిపార చూస్తున్నాడట. రొట్టెల దుకాణంలో ఆవిణ్ణి, ఆవిడ దగ్గకుండానే పోల్చుకున్నాడట కూడా.

ఆ పొద్దున ఆమె ఒంటి పక్కన పాత తువ్వాల్లో చుట్టిన రబ్బరు వేడినీళ్ళ సంచి ఉంది. నేను దాన్ని తీసి బల్లమీద పెట్టాను. ఇంకా గోరువెచ్చగానే ఉంది.

గోరువెచ్చగా ఉందన్నది నేను కల్పించాను. చల్లగా ఉంది. మూత గట్టిగా బిగించి ఉంది, తువ్వాలుమీద ఆమె చెయ్యి ఆనిన మేర మడతలు అలాగే ఉన్నాయి.